సన్నాయికి జలుబు చేసింది

"ఏవండీ, మీ సన్నాయికి జలుబు చేసిందా?"

రామతులసి నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే. అదీ ఎక్కడ? భీమవరంలో ఒక రాజుగారబ్బాయి రిసెప్షన్‌లో, స్టేజీ ముందు వరసలో కూర్చుని, చేతిలో ఐస్‌క్రీం కప్పుతో, పది మందికీ వినపడేలా.

నా పేరు వీరబాబు. మాది నరసాపురం. సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, వల పట్టకుండా కీబోర్డు పట్టినవాణ్ణి. గోదావరికి ఇటూ అటూ ఏ ఊళ్ళో ఆర్కెస్ట్రా అన్నా కీబోర్డుకి ముందు నా పేరే చెప్తారు. గొప్పలు కాదు, ఉన్నమాట.

అలాంటి నా కీబోర్డుకి జలుబట!

నిజానికి ఆ సాయంత్రం ఏదో తేడా జరిగింది. కీబోర్డుకి ఎడమ పక్కన చిన్న చక్రం ఒకటి ఉంటుంది. పిచ్ బెండ్ వీల్ అంటాం. కుడిచేత్తో కీ నొక్కి, ఎడమచేత్తో ఆ చక్రాన్ని పైకి తోస్తే స్వరం పైకి జారుతుంది, కిందకి లాగితే కిందకి జారుతుంది. చెయ్యి తీసేస్తే లోపలున్న స్ప్రింగు దాన్ని మళ్ళీ మధ్యకి తెచ్చెయ్యాలి. కీబోర్డులో సన్నాయి పలికించాలంటే ఆ చక్రమే ప్రాణం. ఆ రోజు అది మధ్యకి రాలేదు. సగంలో ఆగిపోయింది. స్వరం అటూ ఇటూ కాని చోట వేలాడింది. పాడుతున్న అమ్మాయి చరణం ఆపేసి నా వంక గుర్రుగా చూసింది.

"జలుబేంటండీ? మీకు సంగీతం తెలుసా?" అన్నాను మైకు చేత్తో మూసి.

"కొంచెం తెలుసండి. పొద్దున ఈ పెళ్ళిలో సన్నాయి ఊదింది నేనే."

తప్పు మనిషితో పెట్టుకున్నాను. అయినా తగ్గితే ఎలా?

"మనిషి ఊదే సన్నాయికీ మిషను సన్నాయికీ తేడా ఉంటుందండి మరి."

"ఉంటుందండి. మేం శ్రుతి తప్పితే వెంటనే సర్దుకుంటాం. మీది తప్పినచోటే కాపురం పెట్టేసింది."

వరసంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్విన మనిషి గోపాలకృష్ణంరాజు గారు. ఉండి దగ్గర రొయ్యల చెరువులు, భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఉన్న పెద్దమనిషి. మనవరాలు మంజుష పెళ్ళి పనుల్లో ఉన్నారప్పుడు.

"ఏమోయ్ కీబోర్డూ," అన్నారాయన. "అన్ని వాయిద్యాలూ ఆ డబ్బాలోనే ఉంటాయంటగా? మా మంజుష ముహూర్తానికి కూడా నువ్వే వాయించెయ్యరాదూ? మళ్ళీ వేరే మేళం ఎందుకు?"

"ఆయ్, అలాగేనండి," అన్నాను. వచ్చిన పెళ్ళిని ఎవరు కాదంటారు?

రామతులసి చేతిలో చెంచా ఆగిపోయింది. వెనకాల గోడవార డోలు సంచిలో పెట్టుకుంటున్న పెద్దాయన తలెత్తి చూశారు. ఆయన సత్తిబాబు గారు, రామతులసి నాన్నగారు. పాలకొల్లు. కూతురు సన్నాయి, తండ్రి డోలు. అదే వాళ్ళ మేళం.

రామతులసి లేచి నిలబడింది. "రాజుగారూ, మీ ఇష్టమేనండి. కాకపోతే ఒక్కసారి ఇద్దరివీ విని అప్పుడు చెప్పండి."

రాజుగారు పందెమంటే చెవి కోసుకుంటారు. "బాగుంది! నిశ్చయతాంబూలాలకి ఇద్దరూ మా ఇంటికి రండి. మా ఆవిడ సుభద్రమ్మ వింటుంది. ముహూర్తపు మేళం సంగతి ఆవిడే తేల్చాలి. నేను వేలు పెడితే నా వేలే పోతుంది."

బయట బళ్ళ దగ్గర ఆ అమ్మాయి నాకోసమే ఆగి ఉంది. స్కూటీ హ్యాండిల్‌కి సన్నాయి సంచి వేలాడుతోంది.

"మీ కీబోర్డు బాగు చేయించుకుని రండి," అంది.

"ఎందుకండీ మీకంత శ్రద్ధ?"

"పాడైపోయినదాన్ని ఓడిస్తే నాకేం గొప్ప? రేపు అందరూ, పాపం మిషను పాడైంది కాబట్టి ఆ పిల్ల గెలిచిందంటారు. బాగున్నదాన్నే ఓడిస్తాను."

"అంత ధీమానా?"

"ధీమా కాదండి, అవసరం. గోపాలకృష్ణంరాజు గారింట్లో మేళం మానేశారంటే, ఈ చుట్టుపక్కల ఏ రాజుల ఇంట్లోనూ మళ్ళీ మమ్మల్ని పిలవరు. మా నాన్న డోలు అటకెక్కుతుంది. మీరు 'అలాగేనండి' అన్నారే, ఆ మాట ఖరీదు అదీ."

నాకు తెలీదు ఆ సంగతి. తెలిసినా ఏమనేవాడినో తెలీదు. నోట్లోంచి మాత్రం ఇలా వచ్చింది: "అయితే ఓడిపోకండి."

"ఓడిపోనండి," అని స్కూటీ స్టార్ట్ చేసింది. వెళ్ళిపోయాక కూడా ఆ వైపే చూస్తూ నిలబడ్డాను. ఎందుకో అడక్కండి.

*

ఇంటికొచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాను. సెట్టింగుల్లోకి వెళ్ళి చక్రం ఎన్ని స్వరాలు జరపాలో చూశాను, సరిగ్గానే ఉంది. మొత్తం చెరిపేసి కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా చేశాను. యూట్యూబ్‌లో ఎవరో హిందీలో చెప్పినవన్నీ చేశాను. రాజమండ్రిలో రిపేరు చేసే ఒకాయన ఫోన్లోనే "బోర్డు పోయింది, మార్చాలి" అనేశాడు. చూడకుండానే!

వింత ఏంటంటే, ఇంట్లో వాయిస్తే బంగారంలా పలికేది. ప్రోగ్రాముకి పట్టుకెళ్తే మొరాయించేది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి.

చివరికి సిగ్గు విడిచి మేళం కార్డు మీదున్న నంబరుకి ఫోన్ చేశాను.

"సన్నాయికి ఇంకా తగ్గలేదా అండి?" అంది ఎత్తగానే.

"మందు తెలిస్తే చెప్పండి, వెటకారం తర్వాత."

"ఆదివారం నరసాపురంలో మా మేనత్త ఇంటికొస్తున్నాను. అటే వచ్చి నాడి చూస్తాను."

ఆ ఆదివారం వాయుగుండం. పొద్దుటి నుంచీ ముసురు. రాదులే అనుకున్నాను. అనుకుంటూనే షర్టు రెండుసార్లు మార్చాను. పదకొండింటికి మా రేకుల షెడ్డు ముందు స్కూటీ ఆగింది. రెయిన్‌కోటు లోపల సన్నాయి పొడిగా ఉంది, మనిషి తడిసి ముద్దయింది. రెయిన్‌కోటు సన్నాయికి చుట్టింది మరి.

మా అమ్మ రత్తమ్మ అప్పుడే మార్కెట్లో చేపలమ్ముకుని వచ్చింది. గుమ్మంలో ఆ పిల్లని చూడగానే తువ్వాలు తెచ్చి తల మీద వేసింది. "ఏ ఊరమ్మా? ఇంత వానలో వచ్చావు, మా వాడు అంత పెద్దమనిషి ఎప్పుడయ్యాడు?"

"నేను డాక్టర్నండి," అంది రామతులసి. "మీ కీబోర్డుకి ఒంట్లో బాగోలేదంట."

అమ్మ పకపకా నవ్వింది. వాళ్ళిద్దరికీ క్షణంలో కుదిరిపోయింది. నా గురించి ఎవరికీ పట్టలేదు.

తులసి కీబోర్డు ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు వేసింది.

"ఎప్పటినుంచి ఇలా?"

"దసరా తర్వాతనుంచి."

"ఇంట్లో?"

"ఇంట్లో బానే ఉంటుంది. ప్రోగ్రాములోనే చచ్చిపోతుంది."

"ప్రోగ్రాము రోజున దీనికి ఇంట్లో జరగనిది ఏం జరుగుతుంది?"

"ఏం లేదండి. సంచిలో పెడతాను, వ్యానులో వేస్తాను, అంతే."

ఆవిడ వంగి చక్రం దగ్గర మొహం పెట్టింది. ముక్కు ఎగబీల్చింది. "ఏంటండీ, ఇక్కడ దేవుడి గది వాసనొస్తోంది?"

"రాదా మరి!" అంది అమ్మ గర్వంగా. "ప్రోగ్రాముకి బయల్దేరేముందు గంధం, కుంకం పెట్టకుండా పంపుతానా? మొన్న దసరాకి ఆయుధపూజ చేస్తుంటే అప్పుడు చూశాను, దీనికీ చక్రం ఉంది! పడవ ఇంజనుకి పెడతాం, వ్యానుకి పెడతాం. చక్రానికి బొట్టు లేకుండా బండి గుమ్మం దాటచ్చా?"

నేనూ తులసీ మొహమొహాలు చూసుకున్నాం.

పైన కనపడిన బొట్టు నేను ఎప్పటికప్పుడు తుడిచేసేవాణ్ణి. లోపలికి కారుతుందని ఎవరనుకుంటారు? అడుగున మరలు విప్పి చూస్తే, చక్రం ఇరుసుకీ స్ప్రింగుకీ గంధం పట్టి అట్ట కట్టింది. ప్రోగ్రాము రోజున తడి గంధం జిగురులా పట్టేసేది. ఇంటికొచ్చి నాలుగు రోజులు ఆరితే పొడిపొడిగా రాలిపోయేది. అదీ దాని జలుబు.

పాత టూత్‌బ్రష్షుతో, స్పిరిట్టు దూదితో తుడుస్తుంటే అమ్మ పక్కకి తిరిగింది. చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది.

"నా చేత్తో పెట్టిన బొట్టువల్లేనా రా, నలుగురిలో నీ పరువు పోయింది?"

తులసి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

"అమ్మా, మేమూ సన్నాయికి బొట్టు పెడతాం. ఊదే పీకకి పెట్టం, ఇదిగో, కింద గిన్నెకి పెడతాం. నోటి దగ్గర పెడితే ఎవరైనా ఎలా పాడతారు? దీనికి ఆ చక్రం నోరమ్మా. మీరు బొట్టు మానకండి, చోటు మార్చండి." కీబోర్డు వెనక మూల వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ."

అమ్మ గంధం గిన్నె తెచ్చింది. ఆ మూల బొట్టు పెట్టి, అదే వేలితో తులసి నుదుటి మీద కూడా పెట్టింది. నేను మరలు బిగిస్తూ అంతా చూస్తున్నాను.

చక్రం పైకి తోసి వదిలాను. టక్కున మధ్యకి వచ్చింది. కిందకి లాగి వదిలాను. టక్.

"మందు పనిచేసిందండి డాక్టరుగారూ!"

"ఆగండి. సన్నాయి పెట్టి వాయించండి."

వాయించాను. కిందకి జారుడు పాలలా ఉంది. పైకి తోస్తే మాత్రం కొంత ఎక్కి ఆగిపోయింది. చక్రం ఇంకా పైకి పోతోంది, స్వరం పోవటం లేదు.

"ఇదేంటండీ, ఈతచెట్టు ఎక్కేవాడు సగంలో భయపడ్డట్టు?" అంది.

అది నాకు తెలిసిన రోగమే. "ఇందులో సన్నాయి నిజంగా ఎవరో ఊదినదే. ఎక్కడో రికార్డు చేసిన ఒక స్వరాన్ని, శాంపిల్ అంటాం, మిషను సాగదీసి మిగతా స్వరాలు చేస్తుంది. కిందకి ఎంతైనా దించుతుంది. పైకి మాత్రం ఒక హద్దు దాటి సాగదీయలేదు. వీళ్ళెవరో కింద స్వరం ఊది ఊరుకున్నారు."

"అయితే పై షడ్జమం ఊది రికార్డు చేస్తే?"

"దాన్ని కింద కీలకి కూడా ఇచ్చేస్తే చాలు. పైనున్నవాడికి దిగడమే కదా, ఇబ్బంది ఉండదు."

"మరి అడగరేం?"

"ఏం అడగను?"

"నన్ను ఊదమని."

స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. "అడగనండి. మీ ఊపిరి పట్టుకొచ్చి మీ మీదికే పోటీకి రావడం నాకు నచ్చదు. మీ నాన్నగారి డోలు సంగతి ఆ రోజు మీరే చెప్పారు."

ఆవిడ నా వంక చూసింది. మొదటిసారి ఆ చూపులో వెటకారం లేదు.

"అడగరని తెలుసు. అందుకే ఇస్తున్నాను. నా దగ్గరున్న మంచిదంతా ఇచ్చి కూడా గెలిస్తే అప్పుడండి గెలుపంటే. మైకు పెట్టండి."

మైకు పెట్టాను. సరిగ్గా అప్పుడే వాన ఊపందుకుంది. రేకుల మీద వాన అంటే తెలుసుగా, పక్కనున్న మనిషి మాట వినపడదు. ఇంక రికార్డింగేంటి?

కాబట్టి వాన తగ్గేదాకా కూర్చోవాల్సి వచ్చింది. ఆ వాయుగుండానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

"సన్నాయి ఎందుకు పట్టుకున్నారు?" అని అరిచాను వానమీదుగా.

"తాతయ్య ఊదేవారు! ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. డోలు ఒక్కటే ఎన్నాళ్ళు మోగుతుందండి? నేను పట్టుకున్నాను! మీరెందుకు వేటకెళ్ళలేదు?"

"వెళ్ళాను! పడవెక్కితే కడుపులో తిప్పేసేది! చేపల కంటే ముందు నన్ను ఒడ్డున పడేసేవారు!"

తులసి నవ్వింది. నవ్వుతూ తడిజుట్టు వెనక్కి తోసుకుంది. నేను చక్రం తుడిచిందే తుడుస్తున్నాను.

"అరిగిపోతుందండి," అంది.

వాన వెలిసింది. చూరు నీళ్ళు కూడా ఆగేదాకా కాచుకుని రికార్డు బటను నొక్కాను. ఎర్రలైటు వెలిగింది.

తులసి కళ్ళు మూసుకుని పై షడ్జమం పట్టింది. మా రేకుల షెడ్డు, చేపల బుట్టలు, ఆరేసిన వల, అన్నీ నిలబడి విన్నట్టనిపించింది. అంతకుముందు నేను వెయ్యిసార్లు సన్నాయి విన్నాను, కానీ మనిషిని చూస్తూ వినలేదు. నాకు ఈ అమ్మాయంటే ఇష్టం. ఆ స్వరం అయ్యేలోపే ఆ సంగతి తెలిసిపోయింది.

తులసి సన్నాయి దించేసరికి తన ఫోన్ మోగింది. నాన్నగారు. మాట్లాడటానికి వాకిట్లోకి వెళ్ళింది.

అమ్మ మెల్లిగా నా పక్కకి చేరింది. "ఒరేయ్, ఈ పిల్ల నచ్చిందా నీకు?"

"నచ్చిందమ్మా. చాలా నచ్చింది. సన్నాయి కంటే ఎక్కువ నచ్చింది."

"మరి అడగమంటావా వాళ్ళ నాన్నని?"

"అమ్మా, ఊరుకో! వస్తోంది!"

అప్పుడు చూశాను, ఎర్రలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. గబుక్కున ఆపేశాను. చివర ముక్క కోసెయ్యాలి, తర్వాత చూద్దాం అనుకున్నాను. ఈలోగా అమ్మ పులస లేని రోజుల్లో పండుగొప్ప చేప పులుసే మహారాజంటూ ఇద్దరికీ వడ్డించేసింది. మిగతా స్వరాలు అన్నం తిన్నాక రికార్డు చేసి, వాటి మొదలూ చివరా శుభ్రంగా కోసి ఎక్కించాను. ఆ మొదటిది అప్పటికే ఎక్కేసింది. కీ నొక్కి చూస్తే అద్భుతంగా పలికింది. చివరనున్న మాటలు బయటికి రావాలంటే కీని చాలాసేపు నొక్కి పట్టుకోవాలి, అంతసేపు ఎవరు నొక్కుతారు? అలా మరిచిపోయాను.

*

నిశ్చయతాంబూలాల రోజు రాజుగారి హాలంతా చుట్టాలు. ఒక పక్క నేను, నా కీబోర్డు, మనిషంత స్పీకర్లు. ఇంకో పక్క చాప మీద తులసి, సత్తిబాబు గారు. మా అమ్మ కూడా వచ్చింది, బొట్టు సరైన చోట పెట్టడానికి.

తులసి దగ్గరికి వెళ్ళాను. "ఆల్ ది బెస్టండి."

"మీకూ. ఒక్కమాట. నామీద జాలిపడి తప్పు వాయించారో, జన్మలో మాట్లాడను."

"ప్రాణం పెట్టి వాయిస్తాను."

సుభద్రమ్మ గారు వచ్చి పీట మీద కూర్చున్నారు. ముందు ఇత్తడి చెంబు, చేతిలో పసుపుతాడు.

"పాటెవరైనా వాయిస్తారు," అన్నారావిడ. "ముహూర్తపు మేళం వేరు. మూడుముళ్ళూ పడేదాకా గట్టిమేళం ఆగకూడదు. చెడ్డమాట, తుమ్ము, ఏదీ పెళ్ళికూతురి చెవిన పడకూడదు. పెళ్ళికొడుకు చెయ్యి వణికితే ముడి ఆలస్యమవుతుంది, మేళం మోగుతూనే దానికోసం కాచుకోవాలి. నేను ఈ చెంబుకి ముళ్ళు వేస్తాను. నావి నొప్పుల వేళ్ళు, మెల్లగా వేస్తాను. ముందు నువ్వు కానివ్వు అబ్బాయీ."

వాయించాను. ఆ రోజు వాయించినట్టు నేనెప్పుడూ వాయించలేదు. తులసి ఊపిరి నా వేళ్ళ కింద పైకి ఎగురుతోంది, ఎక్కడా ఆగట్లేదు. చక్రం వదిలితే టక్కున మధ్యకి వస్తోంది. "శభాషో!" అన్నారు రాజుగారు. "ఇంకేంటి, మేళం దేనికి?"

సత్తిబాబు గారు తల దించుకున్నారు. తులసి మాత్రం నన్నే చూస్తోంది, కళ్ళలో మెరుపుతో.

మొదటి ముడి పడింది. రెండోది పడింది. మూడోదానికి సుభద్రమ్మ గారి వేళ్ళు తాడుతో కుస్తీ పడుతున్నాయి. సరే, ముగింపు కదా అని పై షడ్జమం నొక్కి పట్టుకున్నాను. చక్రం పైకి తోశాను. ముడి పడలేదు. పట్టుకునే ఉన్నాను. ఇంకా పడలేదు.

సన్నాయి ఆగిపోయింది. కీచుమంటూ ఒక ఫోన్ మోగి ఆగింది. తర్వాత మనిషంత స్పీకర్లలోంచి, ఉడతపిల్ల గొంతుతో:

"ఒరేయ్, ఈ పిల్ల నచ్చిందా నీకు?"

కీ వదిలేద్దామంటే ముడి పడలేదు, మేళం ఆగితే ఓడినట్టే. ఆ మొండితనంలో కుడిచెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. ఎడమచెయ్యి కంగారులో చక్రాన్ని కిందకి లాగేసింది. ఈసారి రాక్షసుడి గొంతుతో, హాలు అదిరేలా:

"నచ్చిందమ్మాఆఆ..."

వేళ్ళకి చెమట పట్టి చక్రం జారింది. శుభ్రంగా తుడిచిన స్ప్రింగు దాని పని అది చేసింది. చక్రం టక్కున మధ్యకి వచ్చేసింది. నా గొంతు అచ్చం నా గొంతులాగే, స్పష్టంగా, హాలంతా వినపడింది:

"చాలా నచ్చింది. సన్నాయి కంటే ఎక్కువ నచ్చింది."

"మరి అడగమంటావా వాళ్ళ నాన్నని?"

అప్పటికి కీ వదిలాను.

సత్తిబాబు గారి చెయ్యి డోలు మీద గాల్లోనే ఉంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సుభద్రమ్మ గారు పడని ముడి చేత్తో పట్టుకుని నావంక చూశారు.

"ముడి పడనేలేదు నాయనా. మేళం ఆగిపోయి పెళ్ళిచూపులు మొదలయ్యాయి."

ఇంక చూడండి! రాజుగారు సోఫాలో దొర్లారు. మంజుష కన్నీళ్ళొచ్చేలా నవ్వింది. హాలంతా ఒకటే గోల.

నేను తులసిని చూశాను. ఎర్రగా కందిపోయి, పెదాలు బిగబట్టుకుని, సన్నాయి నోటి దగ్గరికి తీసుకెళ్తోంది, దించేస్తోంది. అప్పుడర్థమైంది నాకు. నవ్వుతున్న మూతితో సన్నాయి పలకదు. ఇప్పుడు ఆవిడ వంతు. నావల్ల ఈ పిల్ల ఊదలేకపోతే వాళ్ళ మేళం గతి ఏంటి?

లేచి నిలబడ్డాను. "అందరికీ దణ్ణం పెడతాను, కాసేపు నవ్వకండి. ఆ మాటలు నావే, కాదనను. నవ్వుకోవడానికి నేనిక్కడే ఉంటాను. ఆవిడ వాయించేదాకా మాత్రం ఆగండి. ఆ కీబోర్డులో మీరు మెచ్చుకున్న సన్నాయి కూడా పోయిన వారం ఆవిడ ఊదిందే."

గోల సద్దుమణిగింది. తులసి నావంక ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది. పెదాల వణుకు ఆగింది. సన్నాయి ఎత్తింది.

సుభద్రమ్మ గారు మొదటి ముడి వేశారు. రెండోది వేశారు. మూడోది కావాలనే వేసి విప్పారు. మళ్ళీ వేసి విప్పారు. తులసి చూపు ఆ వేళ్ళ మీదే ఉంది. వేళ్ళు తడబడితే రాగం ఇంకో సుడి తిరిగి కాచుకుంటోంది. వేళ్ళు కదిలితే ముందుకు నడుస్తోంది. డోలు కూతురి వెంటే నడుస్తోంది. ముడి బిగిసిన క్షణాన గట్టిమేళం హోరెత్తి, సరిగ్గా అక్కడే ఆగింది.

సుభద్రమ్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏవండీ, విన్నారా? డబ్బాలో ఉన్నది ఈ పిల్ల పోయిన వారం ఊపిరి. అది నా వేళ్ళని ఎలా చూస్తుంది? ముహూర్తానికి మేళమే ఉండాలి. మన పిల్లలందరి పెళ్ళిళ్ళకీ ఈ మేళమే."

"అబ్బో, అంతకంటేనా!" అన్నారు రాజుగారు. "మరి కీబోర్డు? రిసెప్షన్‌కి రావోయ్. ఆ చివర మాటలు కోసుకుని రా!"

సత్తిబాబు గారు డోలు పక్కన పెట్టి లేచారు. నేరుగా మా అమ్మ దగ్గరికి వెళ్ళారు.

"అడగమంటావా అన్నారు కదమ్మా," అన్నారాయన. "అడగండి మరి. మా తులసి మాటే నా మాట."

అమ్మ గంధం గిన్నె గట్టిగా పట్టుకుంది.

*

వాకిట్లో కీబోర్డు వ్యానులో పెడుతుంటే తులసి వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది.

"ఓడిపోయారు," అంది.

"ఇంత హాయిగా ఎప్పుడూ ఓడిపోలేదండి."

"వాయించడం మాత్రం బాగా వాయించారు. జాలి పడలేదు. అందుకు మార్కులేశాను."

"మరి... స్పీకర్లో విన్నారుగా. ఏమంటారు?"

"ఏమంటాను? అది పోయిన వారం మాట. మిషనులో దాచింది." సన్నాయి సంచి భుజానికి తగిలించుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. "సుభద్రమ్మ గారు ఏమన్నారో విన్నారు కదా? నాకు శాంపిల్ వద్దండి. లైవ్‌లో చెప్పండి."

నేను సంచీ వదిలేశాను. ఆ వాన, ఆ వాకిలి, గుమ్మంలో తొంగిచూస్తున్న రాజుల ఇంటి ఆడవాళ్ళు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. అయినా చెప్పేశాను.

"తులసిగారూ, మీరంటే నాకు చాలా ఇష్టం. మీతో బతకాలని ఉంది."

ఆవిడ తల ఒక పక్కకి వంచి, శ్రుతి చూస్తున్నట్టు వింది.

"జలుబు తగ్గిందండి," అంది నవ్వుతూ. "నాకూ ఇష్టమే. పదండి, అమ్మ బొట్టు పెడతానని లోపల కాచుకుని ఉన్నారు."